రామాయపట్నం ప్రెసిడెంట్లు: ఫొటోల వరసలో లేని చరిత్ర

ఏ సంస్థ సావనీరు తెరిచినా మొదటి పేజీల్లో ఒక ఫొటోల వరస ఉంటది. కోటు, టై, గడ్డం. కింద పేరు. పేరు కింద ఏండ్లు. బడి అయినా, బ్యాంకు అయినా, బొగ్గు కంపెనీ అయినా ఇదే తంతు. కుర్చీలో ఎవరు ఎప్పటినుంచి ఎప్పటిదాకా కూర్చున్నారో చెబితే సంస్థ చరిత్ర చెప్పినట్టేనని ఒక నమ్మకం. ఇది రాజుల పట్టికను చరిత్ర అనుకునే పాత అలవాటు తప్ప మరోటి కాదు. రాజుల చరిత్రను మనం నిలదీశాం. ఆ కోటల రాళ్ళు మోసిందెవరని అడిగాం. కానీ మన సొంతమనుకునే సంస్థల దగ్గరికి వచ్చేసరికి అదే వరసకు దండలేసి దండం పెడుతున్నాం. ఇదేం న్యాయం?

ఈ వ్యాసంలో చూడబోయేది అటువంటి ఒక వరసనే. నెల్లూరుకూ ఒంగోలుకూ నడుమ సముద్రం ఒడ్డున ఉన్న రామాయపట్నంలో 1870ల మొదట్లో అమెరికన్ బాప్టిస్టు మిషన్ ఒక వేదాంత పాఠశాల పెట్టింది. దానికి బ్రౌన్సన్ సెమినరీ అని పేరు. ఇవాళ ఆ ఊరి పేరు ఓడరేవు వార్తల్లో వినిపిస్తున్నది. ఒకప్పుడు ఆ పేరు చెబితే బోధకుల బడి గుర్తొచ్చేది. చిన్న కాలేజీయే. కానీ తెలుగు నేల మీద మాదిగలు పెద్ద సంఖ్యలో కూర్చుని చదువుకున్న తొలి ఉన్నత పాఠశాలల్లో అదొకటి. కాబట్టి దాని చరిత్ర ఒక్క చర్చి సొంత వ్యవహారం కాదు, మన చదువుల చరిత్రలో ఒక అధ్యాయం. ఆ అధ్యాయాన్ని ఎట్లా రాశారు, ఎట్లా రాయాలి అన్నదే ఇక్కడి ప్రశ్న.

వరస చెప్పే కథ

మిషన్ చరిత్రలు చెప్పే కథ ఇట్లా నడుస్తది. కెనడా నుంచి వచ్చిన అమెరికస్ వెస్పూషియస్ టింపనీ రామాయపట్నంలో స్టేషను పెట్టి బడికి పునాది వేశాడు. 1872లో అమెరికా వెళ్ళిన జాన్ క్లౌ, బోధకుల బడి కోసం 50 వేల డాలర్ల శాశ్వత నిధి కూడగట్టే పని మీద ఊరూరా తిరిగాడు. ఆర్.ఆర్. విలియమ్స్ ప్రెసిడెంటుగా బడిని నిలబెట్టాడు. తర్వాత డబ్ల్యు.బి. బాగ్స్ వచ్చాడు. పందొమ్మిదో శతాబ్దం చివర, ఇరవయ్యో శతాబ్దం మొదట్లో జేకబ్ హైన్రిక్స్ నడిపాడు. ఇట్లా ఒకరి తర్వాత ఒకరు.

ఇందులో అబద్ధం లేదు. అదే ఇబ్బంది. అబద్ధమైతే ఖండించి ఊరుకోవచ్చు. నిజాన్నే ఒక మూల నుంచి చూపిస్తే, మిగిలిన మూలలన్నీ చీకట్లోకి పోతయి. డేవిడ్ డౌనీ 1893లో అచ్చు వేసిన మిషన్ చరిత్రకు ‘ద లోన్ స్టార్’ అని పేరు. ఒంటరి చుక్క అని అర్థం. ఆ చుక్క మిషన్! దాని చుట్టూ ఉన్న ఆకాశమంతా ఉత్త చీకటా? ఆ కాలపు మిషన్ రిపోర్టుల్లో తెలుగు బోధకులకు పెట్టిన పేరు ‘నేటివ్ హెల్పర్’. అంటే పని చేసేది దొర, చేయి అందించేది వీళ్ళు. ఊళ్ళో నడిచింది దీనికి సరిగ్గా తలకిందులు. పని చేసింది వీళ్ళు, చేయి అందించింది దొర.

‘దొర’ అన్న మాట దగ్గర కాస్త ఆగాలి. ఒంగోలు చుట్టుపక్కల ఆయన ‘క్లౌ దొర’. తెలంగాణలో పుట్టినవాళ్ళకు ఆ మాట చెవిన పడగానే గడి గుర్తొస్తది, వెట్టి గుర్తొస్తది. గడి దొర, మిషన్ దొర ఒక్కటి కాదు. ఒకడు చదువు చెప్పకుండా ఆపినవాడు, ఇంకొకాయన చదువు చెప్పినవాడు. ఈ తేడాను చెరిపేసే మాట ఎవరన్నా నేను ఒప్పుకోను. కానీ రెండు చోట్లా ఒకే మాట వాడవలసి వచ్చిందంటే, మన జనానికి అధికారాన్ని పిలవడానికి ఇంకో మాట లేకుండా చేశారన్నమాట. ప్రెసిడెంట్ల వరస ఆ మాటకు ఫ్రేము కట్టి గోడకు కొట్టింది.

వరస కంటే ముందు

బడి ఉండాలంటే పిల్లలుండాలి. రామాయపట్నం బడికి చదువుకునేవాళ్ళు ఎక్కడి నుంచి వచ్చారు? అమెరికా నిధి నుంచి రాలేదు. మాదిగ గూడేల నుంచి వచ్చారు. ఆ గూడేలను కదిలించింది ఎవరు?

ఎర్రగుంట్ల పేరయ్య. తాళ్ళకొండపాడు మాదిగ. తోళ్ళ వ్యాపారం మీద దూరదూరాలు తిరిగినవాడు. ఆ తిరుగుడులోనే ఉత్తరాన క్రైస్తవ బోధ విన్నాడు. క్లౌ ఆయన్ని వెతుక్కుంటూ పోలేదు. పేరయ్యే, భార్య నాగమ్మతో కలిసి, తానే వచ్చి 1866లో బాప్తిస్మం తీసుకున్నాడు. పోయి తన బంధువర్గానికి చెప్పుకున్నాడు. క్లౌ ఆ ఊరు చేరేసరికి జనం సిద్ధంగా ఉన్నారు. 1867 జనవరి 1న ఒంగోలులో సంఘం కట్టినప్పుడు ఉన్న సభ్యులు 8 మంది. పదకొండేళ్ళు తిరిగేసరికి వేల మంది అయ్యారు. ఆ మధ్యలో ఊరూరా కాలినడకన తిరిగింది పేరయ్యలాంటి మనుషులు.

ఇంకో సంగతి కూడా గమనించాలి. పేరయ్య క్రైస్తవంలోకి ఖాళీ బుర్రతో రాలేదు. అంతకు ముందే రాజయోగం నేర్చిన మనిషి. ఒక స్త్రీ గురువు దగ్గర శిష్యరికం చేసినవాడు. మాదిగల్లో యోగి గురువుల పరంపర ఒకటి ఉండేదని, విగ్రహాన్నీ కులాన్నీ కాదన్న తాత్వికత అక్కడ అప్పటికే ఉందని ఎమ్మా రౌషెన్‌బుష్ క్లౌ 1899లో అచ్చయిన ‘వైల్ సోయింగ్ శాండల్స్’లో నమోదు చేసింది. చెప్పులు కుట్టేవాళ్ళ దగ్గర కూర్చుని విన్న కథలవి. అంటే వేదాంత పాఠశాల రామాయపట్నంలో మొదలు కాలేదు. గూడెంలో అప్పటికే ఒక వేదాంత పాఠశాల ఉంది. దానికి బిల్డింగు లేదు, నిధి లేదు, ప్రెసిడెంటు ఫొటో లేదు. గురువు మటుకు ఉంది. ఆమె ఆడది.

మాదిగలను చేర్చుకున్నందుకు క్లౌ ఏం పోగొట్టుకున్నాడో కూడా చెప్పాలి. ఒంగోలు బడిలో బ్రాహ్మణ పిల్లలు, పై కులాల పిల్లలు లేచిపోయారు. క్రైస్తవం వైపు చూస్తున్న పై కులాలవాళ్ళు వెనక్కి తగ్గారు. ఆయన మాదిగల వైపే నిలబడ్డాడు. ఇది చిన్న విషయం కాదు. అయితే ఈ నిలబడటం మొదలైంది ఎక్కడ? పేరయ్య వచ్చి నిలబడ్డ తర్వాత. దొరకు ఎటు నిలబడాలో తేల్చుకోవలసిన పరిస్థితి తెచ్చింది మాదిగ.

కరువు, కాలువ, లెక్క

మాదిగలు తిండి కోసం మతం మారారన్నది పాత నింద. దానికి ‘బియ్యం క్రైస్తవులు’ అని పేరు పెట్టి ఇవాళ్టికీ తిడుతున్నారు. ధాత కరువు అని జనం చెప్పుకునే 1876-78 కరువును ఇందుకు సాక్ష్యంగా చూపిస్తరు. సంగతేమిటో చూద్దాం.

కరువులో క్లౌ బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో ఒక ముక్క కాంట్రాక్టు తీసుకున్నాడు. అది దానం కాదు, కూలి. తవ్వినవాడికి డబ్బులు. పని మీద ఓవర్సీర్లుగా నిలబెట్టింది మాదిగ బోధకులను. కూలీల మీద అగ్రకుల మేస్త్రీ లేని పనిచోటు అది. పనిచోట మేస్త్రీ కులం ఏమిటన్నది ఎంత పెద్ద సంగతో బాయిల మీద బతికినవాళ్ళకు వేరే చెప్పక్కర్లేదు. ఇక అసలు విషయం: ఆ కరువు కాలంలో దాదాపు 15 నెలలు క్లౌ బాప్తిస్మాలే ఆపేశాడు. తిండి కోసం వచ్చారన్న మాట పడకూడదని. జనం ఆగారు. సాయం ముగిసింది. ఇక ఇచ్చేది లేదన్న తర్వాత కూడా వచ్చారు. 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర ఒక్క రోజులో 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. సెప్టెంబరు నడిమికి ఆ లెక్క 9,606కు చేరింది.

ఆ రోజు నీళ్ళలో నిలబడి బాప్తిస్మం ఇచ్చింది ఎవరు? క్లౌ కాదు. ఆరుగురు తెలుగు బోధకులు, ఇద్దరిద్దరు చొప్పున వంతులేసుకుని ఇచ్చారు. క్రైస్తవ ప్రపంచమంతా ఆ రోజును ‘క్లౌ దొర రోజు’గా చెప్పుకున్నది. 2,222 అన్న అంకె అందరికీ నోటికొచ్చు. ఆ ఆరుగురి పేర్లు మన పిల్లల్లో ఎంతమందికి వచ్చు?

ఇక్కడ నాకు ఒక వింత కనబడుతున్నది. చర్చి సావనీరు, చర్చిని ద్వేషించే కరపత్రం – రెండూ పైకి బద్ధ శత్రువులు. లోపల రెండింటి నమ్మకమూ ఒక్కటే. దొర మార్చాడు, మాదిగ మారాడు. ఒకరు దీన్ని పుణ్యం అంటరు, ఇంకొకరు కుట్ర అంటరు. చేసినవాడు మాత్రం ఇద్దరికీ దొరే. మాదిగ తన బుద్ధితో, తన లెక్కతో ఒక నిర్ణయం తీసుకోగలడని ఇద్దరూ ఒప్పుకోరు. జాన్ సి.బి. వెబ్‌స్టర్ దళిత క్రైస్తవుల చరిత్ర రాస్తూ ఈ సామూహిక ఉద్యమాలకు చొరవ తీసుకున్నది దళితులేనని, మిషనరీలు చాలా చోట్ల వెనక నడిచారని చూపించాడు. ఆ మాట పుస్తకంలో ఉంది. గోడ మీది ఫొటోల దాకా ఇంకా రాలేదు.

చచ్చిన గొడ్డు మాంసం తినొద్దు, ఆదివారం పని చేయొద్దు, విగ్రహాలకు మొక్కొద్దు – క్లౌ పెట్టిన మూడు షరతులివి. వినడానికి మత నియమాలు. ఊళ్ళో అమలు చేస్తే ఏమైతది? ఆదివారం పని మానితే ఆసామి వెట్టికి గండి. మొక్కనంటే జాతరకు డప్పు కొట్టేవాడు లేడు. కాబట్టే దెబ్బలు పడ్డాయి, బావులు మూతపడ్డాయి, కేసులు పెట్టారు. షరతు పెట్టింది దొర, దాని ఖరీదు కట్టింది గూడెం. ప్రెసిడెంట్ల వరసలో ఈ ఖరీదు కాలమ్ లేదు.

రాని ప్రెసిడెంటు

ఈ వరసలో చేరకుండా పోయిన ఒక పేరుంది. వాల్టర్ రౌషెన్‌బుష్. తర్వాత 1907లో ‘క్రిస్టియానిటీ అండ్ ద సోషల్ క్రైసిస్’ రాసి అమెరికాలో సామాజిక సువార్త ఉద్యమానికి పెద్ద గొంతుకైనవాడు. మార్టిన్ లూథర్ కింగ్ తన ఆలోచన మీద ముద్ర వేసినవాళ్ళలో ఒకడిగా చెప్పుకున్నవాడు. ఈ మనిషి 1880ల నడుమ రోచెస్టర్‌లో చదువు ముగిస్తున్న రోజుల్లో రామాయపట్నం సెమినరీకి ప్రెసిడెంటుగా పంపాలన్న ఆలోచన నడిచింది. ఆయనా రావాలనుకున్నాడు. పాత నిబంధన విషయంలో ఈ కుర్రవాడి అభిప్రాయాలు మరీ ఉదారమని ఆయన గురువుల్లో ఒకాయన అభ్యంతరం చెప్పాడు. మిషన్ బోర్డు వెనక్కి తగ్గింది. వాల్టర్ 1886లో న్యూయార్క్ హెల్స్ కిచెన్ పేదల వాడ పక్కన ఒక జర్మన్ బాప్టిస్టు చర్చికి పాస్టరుగా పోయాడు.

ఇది వినగానే మనలో చాలామందికి ఒక ఆశ పుడుతుంది. అయ్యో, ఆయన వచ్చి ఉంటే! మాదిగ బోధకులకు సామాజిక సువార్త అప్పుడే అందేది కదా! నా వాదన ఇది కాదు. 1886 నాటి వాల్టర్ ఇంకా ఆ వాల్టర్ కాలేదు. హెల్స్ కిచెన్‌లో పిల్లల శవపేటికల వెంట నడిచి, పని లేని కార్మికుల ఇళ్ళు చూసి ఆ మనిషి అయ్యాడు. అంటే ప్రెసిడెంటును తయారు చేసింది సెమినరీ కాదు, వాడ. రామాయపట్నం వచ్చి ఉంటే ఆయన మాదిగలకు నేర్పేదానికంటే మాదిగలు ఆయనకు నేర్పేది ఎక్కువ ఉండేది.

ఇందుకు రుజువు ఆయన అక్క. ఎమ్మా రౌషెన్‌బుష్ 1880ల్లో ఇక్కడికి మిషనరీగా వచ్చింది. తర్వాత మేరీ వుల్‌స్టన్‌క్రాఫ్ట్ మీద, స్త్రీల హక్కుల మీద పరిశోధన చేసి స్విట్జర్లాండులో డాక్టరేటు పొందింది. 1894లో క్లౌను పెళ్ళాడింది. క్లౌ చెప్పగా రాసి 1914లో అచ్చు వేయించిన పుస్తకానికి ఆమె పెట్టిన పేరు ‘సోషల్ క్రిస్టియానిటీ ఇన్ ద ఓరియంట్’. తమ్ముడి పుస్తకాలతో పేరు పొందిన మాటను తెచ్చి ఒంగోలు మాదిగల కథకు కట్టింది. నేను దాన్ని చదివేది ఇట్లా: తమ్ముడు న్యూయార్కులో సిద్ధాంతంగా రాసిన దాన్ని ఇక్కడి జనం అంతకు ముందే కాలువ గట్టున బతికి చూపించారు. సామాజిక సువార్త చరిత్ర రాసే అమెరికన్లు ఈ పేజీని తిప్పకుండా దాటిపోతారు. మనమూ అట్లే దాటిపోతే ఎట్లా?

కాకినాడ మాట

ఇది ఒక్క రామాయపట్నం రోగం కాదు. ఉత్తరాన కెనడియన్ బాప్టిస్టు మిషన్ 1874లో కాకినాడలో మొదలైందని, వ్యవస్థాపకుడు జాన్ మెక్‌లారిన్ అని రాస్తరు. మెక్‌లారిన్ 1882లో సామర్లకోటలో సెమినరీ కూడా పెట్టాడు. కానీ ఆయన కాకినాడ వచ్చేటప్పటికే అక్కడ ఒక సంఘం ఉంది. టెలిగ్రాఫ్ శాఖలో ఉద్యోగం చేసిన థామస్ గాబ్రియేలు అనే తెలుగువాడు ఏ విదేశీ మిషన్ జీతం లేకుండా దాన్ని మొదలుపెట్టాడు. అప్పులపాలై, ఆరోగ్యం చెడి, తానే కెనడావాళ్ళను పిలిచాడు. 1875 జనవరి 1న చనిపోయాడు. తెలుగువాడు మొదలుపెట్టి అప్పుల్లో మునిగితే అది ‘ప్రయత్నం’. దొర వచ్చి అదే పనిని అందుకుంటే అది ‘స్థాపన’. పేర్ల పట్టిక మొదలయ్యేది డబ్బు వచ్చిన రోజు నుంచి, పని మొదలైన రోజు నుంచి కాదు.

బాయిల మీద పుట్టి పెరిగినవాళ్ళకు ఇది తేలిగ్గా అర్థమైతది. మాది మందమర్రి పక్కన రామకృష్ణాపూర్. 1889లో ఇల్లందులో బొగ్గు తవ్వకం మొదలైన నాటినుంచీ ఉత్పత్తిని ఫలానా అధికారి హయాంలో ఇన్ని టన్నులు అనే లెక్క కడతారు. మా అయ్య తట్టా చెమ్మస్ పట్టి టబ్బులు నింపిన మనిషి. ఏ హయాంలో ఎన్ని నింపాడో ఏ రికార్డూ చెప్పదు. మస్టరులో ఆయన ఒక నంబరు. బోధకుడు మిషన్ రిపోర్టులో ఒక నంబరు. ఆ నంబర్లన్నీ కూడితే వచ్చిన మొత్తం మీద ఇంకొకరి సంతకం ఉంటది.

భార్యలు ఎక్కడ?

రామాయపట్నానికి చదువుకోవడానికి వచ్చినవాళ్ళలో పెళ్ళయినవాళ్ళు ఎక్కువ. భార్యలతో, పిల్లలతో వచ్చారు. ఆ భార్యలూ తరగతుల్లో కూర్చున్నారు, అక్షరాలు నేర్చారు, తిరిగి గూడేలకు పోయి పిల్లలకూ ఆడవాళ్ళకూ చదువు చెప్పారు. మన నేల మీద మాదిగ ఆడమనిషి పలక పట్టిన తొలి చోట్లలో ఇదొకటి. ఇంత పెద్ద సంగతి మిషన్ చరిత్రల్లో ఒకటి రెండు వాక్యాలతో సరిపోయింది. తెలుగు బైబిలు స్త్రీల మీద జేమ్స్ ఎలీషా తానేటి 2013లో అచ్చు వేసిన పుస్తకం ఈ దిశలో మంచి పని. కానీ పుస్తకం ఇంగ్లీషులో ఉంది. ఆ స్త్రీల మునిమనవరాళ్ళు చదివే భాషలోకి రావాలి.

దొర పోయినంక

మిషనరీలు పోయారు. 1960ల్లో తెలుగు బాప్టిస్టు సంఘాల సమావేశం బాధ్యతలు తీసుకున్నది. 1964లో రాజమండ్రిలో వివిధ సంఘాలు కలిసి ఆంధ్ర క్రైస్తవ వేదాంత కళాశాల పెట్టాయి. 1973లో అది హైదరాబాదు వచ్చింది. కుర్చీల్లోకి తెలుగువాళ్ళు వచ్చారు, మనవాళ్ళు వచ్చారు. ఇది సాధించుకున్నదే. దీన్ని తక్కువ చేయను.

కానీ కుర్చీ మారింది, వరస మారలేదు. ఇప్పటి కొట్లాట ఫొటో ఎవరిదన్నది. మాలనా మాదిగనా, ఏ జిల్లా, ఏ వర్గం? ఈ ప్రశ్న తప్పని నేననను. ప్రాతినిధ్యం అడగడం మన హక్కు. 1994 జూలై 7న మాదిగ దండోరా మొదలైన ఈదుమూడి ఒంగోలు పక్కనే ఉండటం నాకు యాదృచ్ఛికంగా కనబడదు. పేరయ్య నడిచిన నేల అది. అయితే కుర్చీ లెక్క ఒక్కటే చూస్తే, కుర్చీ కింది నేల కనబడకుండా పోతది. 1985 జూలై 17న కారంచేడులో మాదిగలను వెంటపడి చంపినప్పుడు, వేదాంతం చెప్పే కుర్చీలు ఏం చెప్పాయి? 1950 రాష్ట్రపతి ఉత్తర్వు మూడో పేరా క్రైస్తవం తీసుకున్న దళితుణ్ణి షెడ్యూల్డు కులం కాదంటే, బీసీ-సీ ఒక్క శాతంలోకి నెట్టేస్తే, బడి రిజిస్టరులో ఒక పేరూ చర్చి రిజిస్టరులో ఒక పేరూ పెట్టుకుని బతికే పరిస్థితిని ఏ పాఠ్యప్రణాళికలో పాఠంగా పెట్టారు? ఉత్తర్వును 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు సవరించారు. క్రైస్తవుల వంతు ఇంకా రాలేదు. 2024 ఆగస్టు 1న సుప్రీంకోర్టు వర్గీకరణకు ఒప్పుకుంది. దాని కోసం పోరాడిన గూడేల్లో రికార్డు మీద క్రైస్తవుడైన మాదిగ ఆ ఫలం ముందు నిలబడి చేతులు కట్టుకోవాలి. కాలేజీకి ప్రెసిడెంటు ఎవరన్న ప్రశ్నకూ ఈ ప్రశ్నకూ సంబంధం లేదా? ఉంది. జనం చేసిన చరిత్రను దొర చేసిన దానంగా ఇంతకాలం రాసుకున్నందుకే, బాధితులమని అడగబోతే ‘మీరు దొర మనుషులు కదా’ అన్న జవాబు వస్తున్నది.

కావలసిన పట్టిక

టింపనీ, విలియమ్స్, బాగ్స్, హైన్రిక్స్ ఫొటోలు గోడ మీంచి తీసేయమని నేనడగడం లేదు. ఎవరూ బడిలోకి రానివ్వని రోజుల్లో మాదిగ చేతిలో పుస్తకం పెట్టినవాళ్ళు వాళ్ళు. వాళ్ళ రుణం కాదనడం మన పని కాదు. కానీ రుణం ఒక వైపే నడవదు. వాళ్ళకు ప్రెసిడెంట్లు అన్న పేరు ఇచ్చింది కూడా గూడెమే.

కాబట్టి రెండో పట్టిక కావాలి. వెల్లంపల్లి నీళ్ళలో నిలబడ్డ ఆరుగురితో మొదలుపెట్టాలి. కాలువ గట్టున మేస్త్రీలైన బోధకులు, పలక పట్టిన భార్యలు, డప్పు కొట్టమని చెప్పి దెబ్బలు తిన్న పెద్దలు, ఆ పెద్దల మాట మీద చేతులు కలిపిన గూడేలు. ఇవన్నీ ఎక్కడ దొరుకుతాయి? కొన్ని మిషన్ రిపోర్టుల సందుల్లో, కొన్ని పాత చర్చి రిజిస్టర్లలో, ఎక్కువ భాగం ముసలివాళ్ళ నోళ్ళలో. రిజిస్టర్లకు చెదలు పడుతున్నాయి. ముసలివాళ్ళు పోతున్నారు. చర్చి ఆస్తుల మీద కోర్టుకెక్కినంత శ్రద్ధగా ఈ కాగితాల మీద ఎవరూ ఎక్కడం లేదు.

ఇది చదివే విద్యార్థులకు, ఉపాధ్యాయులకు ఒక్క మాట. మీ ఊరి చర్చి రిజిస్టరు తెరవండి. మొదటి పేజీలో దొర సంతకం ఉంటది. అక్కడ ఆగకుండా కిందికి చదవండి. బాప్తిస్మం తీసుకున్నవాళ్ళ పేర్లు, తండ్రి పేర్లు, ఊరి పేర్లు రాసుకోండి. ఆ పేర్ల మనుషులు దేన్ని వదులుకున్నారో, దేన్ని పట్టుకున్నారో వాళ్ళ మనవల్ని అడగండి. మన కాలేజీల చరిత్ర అక్కడి నుంచి మొదలైతది.